నలభై ఏడో టోకెన్

పెంటయ్య తన జీవితంలో ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఇది ఆయన చెప్పే మాట. భరించేది కూతురు కౌసల్య. సంగారెడ్డి వెళ్లాల్సినవాడు నర్సాపూర్ బస్సెక్కితే తప్పు బస్సుది. కూరలో రెండుసార్లు ఉప్పేస్తే తప్పు ఉప్పుది.

ఆయన్ని ఎదిరించిన మొనగాడు ఒక్కడే, రెండో షిఫ్టు కొమురయ్య. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ గేటు పక్కనే పెంటయ్య హాజరు రాసే టైమాఫీసు. మధ్యాహ్నం రెండింటి సైరన్‌కు కొమురయ్య వచ్చి, తన నలభై ఏడో నంబరు ఇత్తడి టోకెన్‌ను చెక్క బోర్డుకు తగిలించి, చాయ్ తాగుతూ రోజూ ఒకటే మాట అనేవాడు.

"పెంటన్నా, నువ్వు తప్పైంది అన్నదాక ఈ గేటు ఇడిశిపెట్ట."

నిరుడు కొమురయ్య పచ్చకామెర్లతో పోయాడు. ఆ నంబరును పెంటయ్య ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు. అతని చాయ్ గ్లాసు కూడా అరమీద బోర్లించే ఉంది.

రెండువేల ఒకటి వానాకాలంలో చెక్క బోర్డు తీసేసి కంప్యూటర్ పెట్టారు. దానికి ప్రోగ్రాం రాయడానికి జహీరాబాద్ నుంచి విఠల్ అనే కాంట్రాక్టు కుర్రాడు వచ్చాడు. టైమాఫీసులో క్లర్కు కౌసల్యే.

"ఏం భాష ఇది?" అడిగింది స్క్రీన్ చూసి.

"స్క్రిప్టు భాష. టిక్కిల్ అంటరు."

"చక్కిలిగింతలా? నాయినకు జెప్పకు. నీ కాంట్రాక్ట్ గీడ్నే ఖతం."

విఠల్ నవ్వి కీబోర్డు లాక్కున్నాడు. "సూడు. బటన్ తయారుజేసుడు ఒక లైను. దాన్ని విండోల వెట్టుడు ఇంకో లైను. రెండో లైను రాయకుంటే బటన్ ఉంటది గని కనవడదు."

"నీ లెక్కనే. నెలసంది ఈడ్నే ఉన్నవ్, నాయిన కండ్లకు కనవడ్త లేవు."

"నీ కండ్లకో?"

బయట వాన మొదలైంది. కౌసల్య ఆ వానను అవసరమైనదానికంటే ఎక్కువ శ్రద్ధగా చూసింది.

ప్రోగ్రాంలో నూట ఇరవై బటన్లు. పనికొచ్చినవాడు తన నంబరు నొక్కితే అది పచ్చబడుతుంది. అడుగున లోపలున్న మనుషుల లెక్క. గ్యాస్ లీకైతే ఎంతమందిని వెతకాలో చెప్పే అంకె అదే. పోయినవాడి నంబరు కళ్లముందు ఎందుకని విఠల్ నలభై ఏడుకు రెండో లైను రాయలేదు. అక్కడ ఖాళీ గడి.

మొదటిరోజు రెండింటికి సైరన్ మోగింది. అరవై రెండు మంది లోపలికి వెళ్లారు. స్క్రీన్ మీద అరవై మూడు.

కౌసల్య పేర్ల జాబితా తెరిచింది. చివరి పేరు కొమురయ్య.

"కనవడని బటన్ ఎవ్వలు నొక్కిన్రు?"

"ఎవ్వలు నొక్కలే," అన్నాడు విఠల్. కోడ్ మూడుసార్లు చదివాడు. ఎక్కడా తేడా లేదు.

కౌసల్య ఎందుకో అరమీది గ్లాసు తాకింది. వెచ్చగా ఉంది.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. సరిగ్గా రెండింటికే.

పెంటయ్య తీర్పు చెప్పేశాడు. "ఈ పోరడు సచ్చినోని పేరుతోని ఆటలాడ్తుండు. వీని నీడ గూడ నీ మీద పడొద్దు బిడ్డా."

"నాయినా, జెర ఇను..."

"ఎన్నడన్న నా మాట తప్పయిందా?"

మేనేజర్ శనివారం దాకా గడువిచ్చాడు. ఆ రోజూ లెక్క తేడా వస్తే మళ్లీ చెక్క బోర్డే. విఠల్ జహీరాబాద్ బస్సెక్కాల్సిందే.

శుక్రవారం విఠల్ నలభై ఏడు మొదటి లైను కూడా చెరిపేశాడు. "ఇగ కనవడుడు కాదు, అసలు ఉండదు గూడ."

"అయినా వస్తే?"

"ఇంటికి వోత." కీబోర్డు పక్కకు జరిపాడు. "కౌసల్యా, నీ గురించి ఒక లైను ఎప్పుడో రాసుకున్న. రెండోది మీ నాయిన రాయాలె."

కౌసల్య బొట్టు సర్దుకుంది. అది సరిగానే ఉంది. "మొదటి లైను నేను గూడ రాసిన," అంది.

శనివారం ముసురు. మేనేజర్ వెనకాల నిలబడ్డాడు. సైరన్ మోగింది. అరవై మూడు. చివరి పేరు కొమురయ్య.

"సామాన్లు సర్దుకో," అన్నాడు మేనేజర్.

పెంటయ్య కూతురి ముఖం చూశాడు. ముందుకొచ్చాడు. "నేనే నొక్కిన సార్. కొమురయ్య యాదికొచ్చిండు. తప్పైంది."

మేనేజర్ నాలుగు చివాట్లు పెట్టి, ప్రోగ్రాం ఉండనీ అని చెప్పి వెళ్లిపోయాడు.

"లేని బటన్‌ను ఎట్ల నొక్కినవ్ నాయినా?"

"యాడ నొక్కిన? నీ మొకం సూడలేక అబద్ధమాడిన."

స్క్రీన్ మీద ఇంకా అరవై మూడే. అరమీద గ్లాసు టింగుమంది, ఎవరో వేలితో కొట్టినట్టు. చేయని తప్పు ఒప్పుకుంటే కొమురయ్య వదిలే రకం కాదు.

పెంటయ్య ఆ గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత విఠల్ వైపు తిరిగాడు.

"రేపు మీ అమ్మోల్లను తోలుకొని బీరంగూడల మా ఇంటికి రా."

గ్లాసు మళ్లీ టింగుమంది.

"అంటున్న తియ్, సతాయించకు!" అన్నాడు పెంటయ్య అరమీదికి చూస్తూ. తర్వాత మాటను గొంతులోంచి పెకలించినట్టు, "విఠలూ, నువ్వు మంచోనివే. నిన్ను అనుమానించుడు తప్పు. బస్సుది గాదు, ఉప్పుది గాదు, నాదే తప్పు," అన్నాడు.

గాలి లేకుండానే గేటు కిర్రుమని తెరుచుకుని మూసుకుంది. అరవై మూడు అరవై రెండయింది.