ఎడమవైపు కూర్చున్నది

మధ్యాహ్నం నుంచీ వాన. దర్జీ ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి చాన్నాళ్లైంది. దాని పక్కనే మంచం, మంచం మీద దర్జీ. "ఒంట్లో బానే ఉందిగా" అని బీపీ మాత్రలు తనంతట తానే మానేసిన మహానుభావుడు. ఒకరోజు కాజా కుడుతుండగా మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. అలసటేమోలే అని భార్య పడుకోబెట్టింది. లేచేసరికి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మెదడులో కుడివైపు రక్తం గడ్డకట్టింది, వెంటనే తీసుకొచ్చి ఉంటే బాగుండేది అని డాక్టరు అన్న మాట ఆమెను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

అంతకంటే వింత ఇంకోటి. అతనికి ఎడమవైపనేదే లేకుండా పోయింది. కళ్లు బానే ఉన్నాయి, ధ్యాసే అటు పోదు. చొక్కా బొమ్మ గీయమంటే ఒకే చెయ్యున్న చొక్కా గీసి, "కాలరు కూడా పెట్టానుగా, ఇంకేం కావాలి?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఉపాయం చెప్పింది. "ఎప్పుడూ ఎడమవైపే కూర్చోండమ్మా. చెయ్యి పట్టుకుని అటునుంచే పిలవండి. పిలవగా పిలవగా ఆయనే తిరుగుతారు."

ఆమె రోజూ అక్కడే కూర్చుని పిలిచింది. అటు తిరిగి ఒక్కసారి తన ముఖం చూస్తే చాలు, ఇంకే కోరికా లేదు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. గదిలో తడి గుడ్డల వాసన, మిషను నూనె వాసన. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆమె అతని ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "ఏమండీ... ఇటు చూడండి" అంది.

మెడ కదిలింది. మెల్లగా... ఇంకొంచెం...

తిరిగాడు! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

కానీ ఆ చూపు ఆమె దగ్గర ఆగలేదు. ఆమె భుజం దాటి పక్కకి పోయి, అక్కడ నిలిచింది.

"ఎవరే ఆవిడ?" అన్నాడు గుసగుసగా.

"ఎవరూ లేరండీ. నేనే."

"నువ్వు కాదు. నీ పక్కన. ఇన్నాళ్లూ పిలిచావుగా... వచ్చింది."

దెబ్బతిన్న మెదడు ఒక్కోసారి లేనివి చూపిస్తుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఆమె మనసులో అదే పదే పదే అనుకుంది. అయినా పక్కకి తిరిగే ధైర్యం చాల్లేదు. చెయ్యి పరుపు మీద వదిలేసి, మంచం చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చేసింది.

"చూడండి... ఇక్కడున్నాను."

అతను చూశాడు. సూటిగా ఆమె ముఖంలోకే చూశాడు. కళ్లు చెమర్చాయి.

"నువ్వు ఇటొచ్చేశావు. మరి అటు నా చెయ్యి పట్టుకున్నదెవరే? ఇన్నాళ్లకి స్పర్శ తెలుస్తోంది... గట్టిగా పట్టుకుంది."

ఆమె వంగి చూసింది. పక్షవాతంతో ఉబ్బిన ఆ చెయ్యి పరుపు మీద ఒంటరిగా ఉంది. దాని మీద వేళ్లు నొక్కుకున్న గుంటలు. తను పట్టుకున్నప్పటివే అయ్యుంటాయి. అవే... అంతే.

ఆమె చూస్తుండగానే వాటి పక్కన ఇంకో గుంట మెల్లగా పడింది.