మొదలంటా నరికిన మడ

తిరువూరులో సైకిలు షాపు పైన మేడగదికి "వీరరాఘవయ్య, ప్రైవేటు డిటెక్టివ్" అని బోర్డు కట్టిన నాటినుంచీ ఆ మెట్లెక్కినవాళ్ళలో సగంమంది తప్పిపోయిన గేదెల కోసం వచ్చినవాళ్ళే. అందుకే ఆ ఉదయం మెట్లమీద పరుగులాంటి అడుగులు వినపడగానే అసిస్టెంటు జోజప్ప, "మళ్ళీ గేదే సార్," అన్నాడు. లోపలికొచ్చిన మనిషిని చూశాక నాలిక కరుచుకున్నాడు.

ఆమె చీర అంచుకు ఎండిన బురద ఉంది.

"నా మొగుణ్ణి కట్టేశారు బాబుగారూ. సాయంత్రం బస్సులోపు నిజం తేలకపోతే మా పాలెమే ఉండదు."

వీరరాఘవయ్య కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, ఆమె తాగేదాకా ఆగాడు. పేరు రిబ్కా. సముద్రం ఒడ్డున, దివిసీమలో ఓ చేపలు పట్టేవాళ్ళ పాలెం.

"ఉప్పెనకి చుట్టుపక్కల పాలేలన్నీ తుడిచిపెట్టుకుపోయినయ్యండి. మాది మిగిలింది. మా ముందు మడ అడవి ఉంది గనక మిగిలింది. ఆ చెట్లే అలని విరగ్గొట్టినయ్. అప్పుడు గుడిముందు కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళే వంటకట్టె కొట్టుకోవాలి. పోటుమీద, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు పడవేసుకెళ్ళి, నీళ్ళకి పైనున్న కొమ్మలే కొట్టాలి. మాను ముట్టుకోగూడదు. దానికి మా ఆయన శౌరయ్యని కాపలా పెట్టారు."

"మరేం జరిగింది?"

"పోయిన ఆదివారం వలతాళ్ళు తెమ్మని మా పాలెం పెద్దాయన అంతోనయ్యగారు మా ఆయన్ని బందరు పంపాడండి. మేమంతా గుళ్ళో ఉన్నాం. తిరిగొచ్చి చూస్తే అడవి ఓ పక్కంతా బోసిగా ఉంది. కట్టె ఎత్తుకెళ్ళిన లారీ ఈ ఊరిదని వాకబు చేసుకుని మా ఆయన వెంటబడొచ్చాడు. ఇక్కడ కట్టెల అడితి హనుమయ్యగారు ఆయన్నే పట్టుకుని, వీడే మాకు కట్టె అమ్మాడని పాలేనికి కబురెట్టాడు. పెద్దాయనా నేనూ ఒకే బస్సులో దిగాం."

"పెద్దాయన ఏమంటాడు?"

రిబ్కాకు ఏడుపు ఆగలేదు. "కాపలావాడే అమ్ముకున్నాక కట్టుబాటెందుకంటున్నాడు. రేపు పొద్దున ఎవరికి కావలసింది వాళ్ళు కొట్టుకోండని చెప్తాడంట. ఆకలిమీదున్న జనం బాబుగారూ, గొడ్డళ్ళు నూరుకునే కూర్చున్నారు. మళ్ళీ ఉప్పెనొస్తే మాకు అడ్డమేముంటది?"

జోజప్ప అప్పటికే గొడుగు అందుకున్నాడు. వీరరాఘవయ్య మాట్లాడకుండా చెప్పులు తొడుక్కున్నాడంటే కేసు ఒప్పుకున్నట్టే లెక్క.

పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు కట్టె కావలసిన కాలం కావటంతో విస్సన్నపేట రోడ్డులోని ఆ కట్టెల అడితి కిటకిటలాడుతోంది. కాటా స్తంభానికి శౌరయ్యని కట్టేసి ఉంచారు. అతను విడిపించమని అడగలేదు. ఎదురుగా గుట్టగా పోసిన మడ దుంగల్ని చూస్తూ ఉన్నాడు. చచ్చినవాళ్ళ దగ్గర కూర్చున్నవాడి చూపు అది.

"డిటెక్టివుగారా! రండి, రండి," అన్నాడు హనుమయ్య నవ్వుతూ. నవ్వు నోటితోనే ఆగిపోయింది. "ఇందులో పరిశోధించటానికేముందండీ? పోటు మీద పడవేసుకెళ్ళి, పడవలోంచే కొట్టి, రేవుకి తెచ్చి ఇచ్చాడు. నేను లారీ పంపానంతే."

"మీ మనుషులు అడవిలోకి దిగలేదన్నమాట."

"ఆ ఊబిలోకి ఎవడు దిగుతాడండీ బాబూ! దారి తెలియకపోతే నడుందాకా కూరుకుపోరూ?"

వీరరాఘవయ్య దుంగల దగ్గర గొంతుకూర్చున్నాడు. సార్ కూర్చున్నాడు కదా అని జోజప్ప కూడా కూర్చుని, లావుపాటి మొదలొకటి తడిమి చెయ్యి లాక్కున్నాడు. బెరడుకి అతుక్కున్న ఆల్చిప్ప వేలు కోసింది. మొదళ్ళన్నిటికీ అలాంటివే ఉన్నాయి. వీరరాఘవయ్య జేబురుమాలు ఇచ్చి, నెత్తురొచ్చిన వేలిని చూసి తృప్తిగా తల పంకించాడు. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాడు జోజప్ప.

లారీకి కట్టె ఎత్తే శాంతయ్యది గంపలగూడెం వైపు. అతని రెండు పాదాలకూ గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"కాళ్ళకేమైంది శాంతయ్యా?"

అతను హనుమయ్య వంక చూశాడు. "తుమ్మముళ్ళండి."

"కట్టె కొట్టటంలో నీది అందెవేసిన చెయ్యటగా. ఎంత ఎత్తులో కొడతావు?"

"ఎత్తులో ఎందుకండీ? నేలబారుగా కొట్టాలి. అప్పుడేగా పిలకలు బలంగా లేస్తయ్. మన కడుపు నిండిందని చెట్టు చావకూడదు కదండీ." ఆ మాట అంటున్నప్పుడు శాంతయ్య ముఖంలో పనిమంతుడి గర్వం కనపడింది.

అంతోనయ్య దూరంగా పాక నీడలో, కట్టె గుట్టకు వీపుపెట్టి కూర్చున్నాడు. పిలిస్తే వచ్చాడు. దుంగల ముందుకు రాగానే తలగుడ్డ తీసి, సిలువ గుర్తు వేసుకుని, తల వంచుకున్నాడు.

"తప్పు చేసినవాణ్ణి నేను వెనకేసుకురాలేనయ్యా," అన్నాడు మెల్లగా.

వీరరాఘవయ్య రిబ్కాను పక్కకు పిలిచి ఒక్కటే అడిగాడు. "ఉప్పెనలో ఆయన ఇంట్లో ఎవరైనా పోయారా?"

"కొడుకులిద్దరూ పోయారండి. వేటకెళ్ళి చిక్కుకున్నారు. నీళ్ళు తీశాక మడకొమ్మల్లో దొరికారు."

పొద్దు వాలుతోంది. బస్సు టైము దగ్గరపడుతోంది. సారేమో చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నాడు. ఈసారికి ఓడిపోయామనే అనుకున్నాడు జోజప్ప. ఒక గేదె దొరక్కపోతే ఓ ఇంటికి పాలు ఉండవు. ఇక్కడ ఓ పాలేనికి పాలెమే పోయేలా ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు వీరరాఘవయ్య అందర్నీ కాటా దగ్గరకు రమ్మన్నాడు.

"హనుమయ్యగారూ, ఈ కట్టె పోటుమీద పడవలోంచి కొట్టిందన్నారు. పోటులో ఆల్చిప్పలున్న భాగం నీళ్ళ అడుగున ఉంటుంది. పడవలో కూర్చున్నవాడు నీళ్ళకి పైన కొడతాడు గాని మొదలెలా కొడతాడు? ఇవి మొదలంటా కొట్టిన మానులు. అంటే పాటులో, నీళ్ళు తీశాక, బురదలో నడిచి వచ్చి కొట్టారు. నేలబారుగా కొట్టటం పాలెంవాళ్ళ పద్ధతి కాదు, మన మెట్టవాళ్ళ పద్ధతి. శాంతయ్యా, ఆ గుడ్డలు విప్పు."

శాంతయ్య విప్పాడు. పాదాల నిండా కత్తిగాట్లలా కోతలు.

"ముల్లు గుచ్చుకుంటుంది, కొయ్యదు. ఆల్చిప్ప కోస్తుంది. జోజప్ప వేలే సాక్ష్యం."

శాంతయ్య ఆ కోతల్ని పట్టించుకోలేదు. అతని కళ్ళు శౌరయ్య మీద ఉన్నాయి. "అన్నా, ఆ మొదళ్ళు పిలకలెయ్యవా?"

"ఎయ్యవు," అన్నాడు శౌరయ్య. "మొదలు కొడితే మడ చచ్చిపోద్ది."

శాంతయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. హనుమయ్య గేటు వంక చూశాడు గాని, అక్కడ అప్పటికే జోజప్ప నిలబడ్డాడు.

"ఇంకొక ప్రశ్న మిగిలింది," అన్నాడు వీరరాఘవయ్య. "ఊబిలో దారి మెట్టవాళ్ళకి ఎవరు చూపించారు? కాపలావాడు ఊళ్ళో లేని రోజు వాళ్ళకెలా తెలిసింది? ఆ రోజు అతన్ని బందరు పంపినవాడికే తెలుస్తుంది. జోజప్పా, సిలువ గుర్తు మీ ఇళ్ళల్లో రోజూ చూసేదే గనక నీకు పట్టలేదు. కట్టెల గుట్ట ముందు తలగుడ్డ తీసి సిలువ వేసుకునే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. సమాధి ముందు మాత్రం చూశాను. అంతోనయ్యగారూ, మీరు చెబుతారా, నన్నే చెప్పమంటారా?"

ముసలాయన ఒక దుంగమీద చెయ్యి వేశాడు.

"ఆ కొమ్మల్లోంచే దించుకున్నానయ్యా నా పిల్లల్ని," అన్నాడు. "పొద్దున లేచి గుమ్మంలోకొస్తే ఎదురుగా అవే. పాలేన్నంతా కాపాడినయ్, నా బిడ్డల్ని మాత్రం చచ్చాక పట్టుకున్నయ్. దారి చూపించి, నాకు కనపడే పక్క వరకూ కొట్టుకుపొమ్మన్నా. శౌరి వెంటబడతాడనుకోలా. వాణ్ణి కట్టేశాక నా నోట నిజం రాలా."

రిబ్కా కేకేసింది. "నీకు కనపడే పక్కే గదా పెద్దయ్యా సముద్రమొచ్చే పక్క!"

అంతోనయ్య ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు విని హనుమయ్య సైతం తల దించుకున్నాడు. అతని సంగతి పోలీసులకు తానే చెబుతానన్నాడు వీరరాఘవయ్య.

జోజప్ప కట్లు విప్పగానే శౌరయ్య లేచాడు. పెద్దాయన్ని కొడతాడేమోనని అందరూ బిగుసుకుపోయారు. అతను ముసలాయన రెక్క పట్టుకుని లేపాడు.

"పద పెద్దయ్యా. పాలెంలో నేనేం చెప్పినా దొంగమాటే అంటారు. నీ మాటే ఇంటారు. రేపు గొడ్డళ్ళకి నువ్వే అడ్డం నిలబడాలి."

"నన్ను బతకనివ్వరురా."

"పక్కన నేనుంటా."

బస్సు కదలబోతుంటే వీరరాఘవయ్య జోజప్ప భుజం తట్టాడు. "నువ్వూ ఎక్కు. రేపు ఆయన నోరు పెగలకపోతే నువ్వు చెప్పు." చీకటిపడే ఆ దారంతా అంతోనయ్య తలగుడ్డ ఒళ్ళోనే పెట్టుకున్నాడు. మళ్ళీ చుట్టుకోలేదు.

మర్నాడు ఉదయం పాటు వేళకు మగవాళ్ళు గొడ్డళ్ళతో ఒడ్డున చేరారు. అంతోనయ్య బురదలోకి దిగి, నరికిన మొదలొకదాని పక్కన నిలబడి, "కట్టుబాటు తప్పింది శౌరి కాదు. నేనే," అన్నాడు. ఒకడు ఉమ్మేశాడు. తర్వాత ఒక గొడ్డలి బురదలో పడింది, ఆ తర్వాత ఇంకొకటి. తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, ఒక్కొక్కళ్ళే ఇళ్ళవైపు మళ్ళారు.

జోజప్ప మాత్రం అక్కడే నిలబడిపోయాడు. నరికేసిన మేర ఖాళీలోంచి, ఇళ్ళ గుమ్మాలకు సూటిగా, సముద్రం కనపడుతోంది. మెట్టలో పుట్టి పెరిగిన అతను సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. అక్కడినుంచి అది అసలు కనపడకూడదని మాత్రం అతనికి తెలుసు.