రాలని గింజలు

విత్తన సేకర్తను బస్ డిపోలో కాల్చారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్, ఒకే తూటా. ఆయన కూలేలోగా భుజాన ఉన్న సంచి మాయమైంది. అందులో అడవి వరి గింజలున్నాయి.

"వినరా నత్తా," అన్నాడు చీఫ్. తొందరపడని ఏజెంటుకు డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. "పొలాల్ని తినేస్తున్న తెగులు ఓ విదేశీ విత్తన ముఠా వదిలిందే. దాన్ని తట్టుకునే వంగడం వాళ్ళొక్కళ్ళే అమ్మాలని ప్లాన్. ఆ తెగులు సోకని అడవి వరి ఒక్కటే వాళ్ళకు అడ్డం. విత్తన బ్యాంకు కోల్డ్ రూమ్‌లో ఒక ప్యాకెట్ ఉంది. అది పోతే ఇంకోటి ఉండాలనే మీ బావ మళ్ళీ సేకరించి తెస్తుంటే కాల్చేశారు."

"ఆ సంచీ పోయింది."

"నెమలి తిరిగి సంపాదించింది. ఇవాళే బ్యాంకులో అప్పగిస్తుంది. నువ్వక్కడ ఉండు."

నెమలి ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నడిచివస్తే ఆఫీసులో టైపింగ్ ఆగిపోతుంది.

నత్త ఏసీ మెకానిక్ వేషంలో కోల్డ్ రూమ్ ముందు గదికి చేరాడు. దాని ఇన్‌ఛార్జ్ అతని అక్క. భర్త శవాన్ని చూసి నేరుగా డ్యూటీకి వచ్చింది.

"మీ బావకు కాపలా కాస్తానన్నావు," అంది తమ్ముడి వైపు చూడకుండా. "కాశావు. ఇక ఆ స్క్రూలు తిప్పుకో."

నెమలి వచ్చి బల్ల మీద వరి కంకుల కట్ట పెట్టింది.

"మీ ఆయన సంచిలోవే మేడమ్. త్వరగా లోపల పెట్టేయండి. పాడైపోతాయి."

పండిన కంకులు. అక్క ఒకదాన్ని గట్టిగా విదిలించింది.

"బాగా కాపాడారు. ఒక్క గింజ రాలలేదు."

"జాగ్రత్తగా తెచ్చానండి."

నత్త చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. అడవి వరి గింజ పండిందంటే కంకిని అంటిపెట్టుకుని ఉండదు. గాలి తగిలితే నేల మీద ఉంటుంది. అందుకే బావ పాలు పోసుకున్న కంకులకే గుడ్డసంచులు కట్టి, గింజలు అందులోకి రాలేదాకా చిత్తడిలో పడిగాపులు కాసేవాడు. బల్ల మీదున్నది పొలంలో కోసిన మామూలు వరి.

"ఎవరి పొలంలో కోశావు?" అన్నాడు.

నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "కట్ట తీసుకుని ఇద్దరూ లోపలికి నడవండి."

నత్త టూల్‌బాక్స్‌ను ఆమె కాళ్ళ మీదికి తన్నాడు. తూటా సీలింగ్‌లో దిగింది. పిస్టల్ లాక్కుని, ఆమె చేతులు విరిచి పైపుకు బేడీ వేశాడు.

"వేసుకో," అంది నెమలి. "గది ఎలాగూ మిగలదు."

నత్త విప్పి చూస్తే కట్టలో నిప్పు అంటించే ఫాస్ఫరస్ బాంబు. టైమర్ ఆఖరి అంకెల్లో ఉంది. నత్త వైర్ కట్టర్ అందుకున్నాడు.

"ఏ తీగో వెతుక్కుంటూ కూర్చోకు. ఇటు తే," అంది అక్క. ద్రవ నైట్రోజన్ ట్యాంక్ మూత ఎత్తింది. అతను కట్టను అందులో పడేశాడు. తెల్లటి పొగ లేచింది. బ్యాటరీ గడ్డకట్టింది. టైమర్ ఒకటి దగ్గర ఆగిపోయింది.

నెమలిని తీసుకుపోయారు. చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు.

"మీ బావ ఏ బస్సులో వస్తున్నాడో ఆవిడకెవరు చెప్పార్రా?" అడిగింది అక్క.

నత్త చెదిరిన పనిముట్లు ఏరసాగాడు. బావకు దారిలో తోడుగా ఉంటుందని ఆ బస్సు సంగతి నెమలికి చెప్పింది అతనే.

అక్క ట్యాంక్ వైపు వేలు చూపింది.

"ఆ ట్యాంక్ మూత పెట్టు. లోపల అడవి అరటి కణజాలం ఉంది. దాన్నైనా బతకనీ."