మూడు పూతల బీరువా

పొద్దున్నే కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ అమ్మ అన్న మాటకి రంగులక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ చెక్క బీరువాని నా గదిలోంచి తీసెయ్. ఎవరికైనా ఇచ్చెయ్. ఎవరూ తీసుకోకపోతే పొయ్యిలోకి పనికొస్తుంది."

పాత కుర్చీలు, బల్లలు, అద్దాల చట్రాలు తెచ్చి, వాటికి పొర మీద పొర రంగులేసి, పైపొరని అక్కడక్కడా అరగదీసి, యాభై ఏళ్ళు చేతులు మారిన వస్తువులా తయారుచేయడం రంగులక్క పని. ఇంటి వెనకున్న రేకుల షెడ్డే ఆమె కార్ఖానా. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుందని వీధి పిల్లలు పెట్టిన పేరు రంగులక్క. కట్టుకున్న మొగుడు కూడా ఇప్పుడు అలాగే పిలుస్తున్నాడు.

"అది నాన్న బీరువా అమ్మా."

"తెలుసు."

"నాన్న పోయి ఎనిమిది నెలలే అయింది."

"అదీ తెలుసు. నాకూ లెక్కలొచ్చు."

రంగులక్కకి నాన్నంటే ప్రాణం. ఆయన తపాలా ఆఫీసులో పనిచేసేవాడు. ఎవరికి అర్జీ రాయాలన్నా, ఎవరింట్లో తగువు తీర్చాలన్నా ఆయన్నే పిలిచేవారు. నోరు జారి ఒక మాట అన్నవాడు కాదు. అలాంటి మనిషి పోతే అమ్మ నెల తిరక్కుండానే ఆయన చొక్కాలు మూటగట్టి పంచిపెట్టింది. ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు. ఆ రోజు నుంచీ కూతురి గుండెలో ఒక ముల్లు దిగబడే ఉంది. ఇప్పుడు బీరువా వంతొచ్చింది.

"నీది రాతిగుండె అమ్మా. నాన్న నీకేం తక్కువ చేశాడని?"

అమ్మ ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. "పిన్ని ఇంటికెళ్ళి మూడు రోజులుండి వస్తాను. వచ్చేసరికి ఆ గదిలో అది ఉండకూడదు" అన్న మాట మాత్రం లోపల్నుంచి వినిపించింది.

అమ్మ వీధి మలుపు తిరిగీ తిరగ్గానే రంగులక్క మొగుణ్ణి కేకేసింది. బీరువాని షెడ్డులోకి చేర్చాలి. బాగుచేసి, కొత్త పూతలేసి, ముందు గదిలో నాన్న ఫోటో పక్కన నిలబెట్టాలి. ఆయన కళ్ళజోడు, కలాలు అందులో పెట్టాలి.

"అత్తయ్యని ఒక్క మాట అడగకూడదూ?" అన్నాడు మొగుడు.

"అడిగితే వద్దంటుంది."

"వద్దంటుందని తెలిసే అడగట్లేదన్నమాట."

"చూశాక తనే సంతోషిస్తుంది. నువ్వు ఆ పక్క పట్టుకో, చాలు."

మొగుడు పట్టుకున్నాడు. పెళ్ళైన పదిహేనేళ్ళలో అతను నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

ఆమె పనికి ఒక పద్ధతుంది. ముందు పాత రంగు గీకాలి. తర్వాత ముదురు రంగు ఒక పూత. అది ఆరాక, చేతులు తగిలే చోట్లా, అంచుల మీదా కొవ్వొత్తి మైనం రుద్దాలి. దాని మీద లేత రంగు వేసి, గరుకు కాగితంతో తోమితే, మైనం ఉన్నచోట పైరంగు నిలవక అడుగు రంగు తొంగిచూస్తుంది. ఎంత తోమాలో, ఎక్కడ ఆపాలో చెయ్యికే తెలియాలి. ఆ చెయ్యి తనకి పుట్టుకతో వచ్చిందని రంగులక్క నమ్మకం.

రేకుతో గీకుతుంటే ముందు క్రీము రంగు పెచ్చులుగా లేచింది. ఆమె నవ్వుకుంది. చిత్రకళ కాలేజీలో సీటు రాలేదని తను అన్నం మానేసి పడుకున్న వేసవి అది. అమ్మ తన చేతికి బ్రష్షిచ్చి, "లే, బీరువాకి రంగేద్దాం" అంది. ఇద్దరూ కలిసి వేశారు. క్రీము కింద నీలం. తను ఐదో తరగతిలో ఉన్నప్పటిది. నీలం కింద ఆకుపచ్చ. అది లీలగా గుర్తు. మొట్టమొదటిసారి బ్రష్షు పట్టుకున్నది అప్పుడే.

ఎడమ తలుపు మధ్యకొచ్చేసరికి రేకు కింద చెక్క తగల్లేదు. తెల్లటి పుట్టీ పొడిపొడిగా రాలింది. వేలితో తవ్వితే గుంట. పక్కనే ఇంకోటి. ఆ పక్కనే ఇంకోటి. సాయంత్రానికి తలుపంతా ఖాళీ అయింది. పందొమ్మిది గుంటలు. కొన్ని ఆకుపచ్చ కింద, కొన్ని నీలం కింద, అన్నిటికంటే లోతైనవి క్రీము కింద. ప్రతిదీ గుండ్రంగా, సుత్తి మొహమంత ఉంది. ఒకచోట చెక్క చీలిపోతే వెనక నుంచి బద్ద వేసి బిగించారు.

ఆమె రేకు పక్కన పడేసింది. కింద కూలబడింది.

ఎవరో కసిదీరా కొట్టారు. మూడుసార్లు. ప్రతిసారీ ఎవరో పూడ్చి రంగేశారు. రంగేసింది అమ్మ. మరి కొట్టింది?

ఆ ఇంట్లో అప్పుడున్నది ముగ్గురే. తను పిల్ల. అమ్మ గొంతు పక్క గదికి కూడా వినపడేది కాదు.

తర్వాతి రెండు రోజులూ రంగులక్క పనికి దూరంగానే ఉంది. నాన్న నవ్వు, నాన్న వేలు పట్టుకుని నడిచిన సాయంత్రాలు, ఒక్కొక్కటే తలుచుకుంటూ ఒక్కొక్కదాన్నీ అనుమానించింది. తలుపుని ఇలా కొట్టినవాడు మనిషిని కొట్టకుండా ఉంటాడా? చచ్చినవాణ్ణి నిలదీయలేక ఆ కోపమంతా ఇంట్లో గిన్నెల మీద చూపించింది. మొగుడు ఏమైందని అడిగితే కసురుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ వచ్చింది. గదిలో బీరువా లేదని చూసి తృప్తిగా తలాడించింది. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి, షెడ్డు తలుపు తీసి ఉండటం చూసి ఆగిపోయింది.

"ఎవరు గీకమన్నారే దీన్ని?"

అంత గట్టిగా అమ్మ అరవగా రంగులక్క ఎప్పుడూ వినలేదు. పరుగెత్తుకొచ్చింది.

"ఇచ్చెయ్యమన్నాను. కాల్చెయ్యమన్నాను. గీకమని ఎవరు చెప్పారు? నన్నడిగావా?"

"బాగుచేసి హాల్లో పెడదామనుకున్నానమ్మా. నీ మంచికే..."

"ఆ మాటనకు!" అమ్మ చేతిలో చెంబు గోడకి తగిలి దొర్లుకుంటూ పోయింది. "నీ మంచికే, నీ మంచికే! అచ్చం ఆయనే! అడగరు. చెప్పరు. నవ్వుతూ చేసేస్తారు, పైగా మనమే సంతోషించాలి!"

"నా మీద ఎందుకు అరుస్తావు? ఇలా కొట్టినవాడి మీద అరవాల్సింది!" రంగులక్క కూడా గొంతు పెంచింది. "నాన్న నిన్నెన్నిసార్లు కొట్టాడు? నాతో ఒక్కసారైనా చెప్పావా? అలాంటివాణ్ణి దేవుడని మొక్కాను నేను!"

అమ్మ తెల్లబోయింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో సంతోషం మచ్చుకైనా లేదు.

"ఆయనా? ఆయన చీమకి కూడా హాని చేసేవాడు కాదు. ఆయన ఆరడుగుల మనిషి. ఈ దెబ్బలు ఎవరి ఎత్తులో ఉన్నాయో చూసుకోలేదా?" అమ్మ వెళ్ళి తలుపు ముందు నిలబడింది. గుంటలన్నీ సరిగ్గా ఆమె ఛాతీకి ఎదురుగా ఉన్నాయి. "కొట్టింది నేను."

అమ్మ కొన్ని గుంటల మీద వేలు పెట్టింది.

"ఇవి మొదటివి. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది నాకు. కాగితం ఆయన చేతికే వచ్చింది. నాకు చేరడం ఇష్టం లేదని ఆయనే జవాబు రాసేశాడు. ఆర్నెల్ల తర్వాత నవ్వుతూ చెప్పాడు, 'చిన్నపిల్లతో నీకెందుకే ఆ కష్టం, నీ మంచికే కదా' అని. ఆయన ఆఫీసుకెళ్ళాక సుత్తి తీసుకున్నాను. సాయంత్రానికి పుట్టీ పెట్టి ఆకుపచ్చ రంగేశాను. వచ్చి చూసి, 'మా ఆవిడకి ఇంటి మీద ఎంత శ్రద్ధో' అని వీధంతా చెప్పుకున్నాడు."

ఆమె వేలు పక్కకి జరిగింది.

"ఇవి మా అమ్మవి. మా అమ్మకి ప్రాణం మీదికొచ్చిందని కబురొస్తే, నీ పరీక్షలయ్యాక చెబుదామని జేబులో పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది."

వేలు లోతైన గుంటల దగ్గరికొచ్చి ఆగింది.

"అవి?" అంది రంగులక్క.

"వద్దులే."

"చెప్పు. నువ్వూ నా మంచికే దాస్తావా?"

ఆ మాట సూటిగా తగిలింది. "నీకు కాలేజీలో సీటొచ్చింది" అంది అమ్మ. "ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో ఉత్తరం దొరికింది. అప్పటికే గడువు దాటిపోయింది. 'ఒక్కతే హాస్టల్లో ఎలా ఉంటుంది? సీటు రాలేదనుకుంటే నాలుగు రోజులేడ్చి మర్చిపోతుంది, నువ్వు నోరెత్తకు' అన్నాడు."

ఇష్టం లేని లెక్కల చదువు, పన్నెండేళ్ళు ఒక ఆఫీసు కిటికీ వెనక అంకెలు దిద్దిన ఉద్యోగం, తనకి అంత ప్రతిభ లేదని సర్దిచెప్పుకున్న రోజులు, అన్నీ ఒక్కసారి రంగులక్క మీదపడ్డాయి. సీటు రాలేదని ఏడుస్తుంటే నాన్న ఒళ్ళో తల పెట్టుకుని నిమిరాడు. ఆ జేబులోనే ఉత్తరం ఉంది.

"నువ్వేం చేశావు?"

"చూస్తున్నావుగా."

"చెక్కని కొట్టావు!" రంగులక్క కేక పెరడు దాటింది. "చెక్కని కొడితే నాకు సీటొస్తుందా అమ్మా? నాతో చెప్పాల్సింది! పైగా చేతికి బ్రష్షిచ్చి, నాతోనే దాని మీద రంగేయించావు!"

"అవును. వేయించాను." అమ్మ వెనక్కి తగ్గలేదు. "చెప్పుంటే ఏం చేసేదానివి? నాన్న అలా చెయ్యడు, నువ్వే కల్పించి చెబుతున్నావు అనేదానివి. అంత మంచిమనిషి మీద గొంతెత్తితే ఊరు నన్నే తప్పుపట్టేది. అందరికంటే ముందు నువ్వు. మొన్నేగా రాతిగుండె అన్నావు!" ఊపిరి తీసుకుంది. "నీకు నాన్నంటే ఎంతిష్టమో తెలుసు. అది నీ దగ్గర్నుంచి లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. తప్పే చేశాను. ఆయన మీద ఎంత కోపముందో నా మీద నాకు అంతకంటే ఎక్కువుంది."

రంగులక్క విసురుగా బయటికొచ్చింది. కుళాయి కింద చేతులు పెట్టి, రంగు లేని చేతులనే ఎంతసేపో రుద్దుకుంది. నాన్నని ద్వేషించాలని చూసింది, కుదరలేదు. అమ్మని క్షమించాలని చూసింది, అదీ కుదరలేదు. ఒక్క సంగతి మాత్రం మింగుడుపడలేదు. బీరువాని తను కూడా అడక్కుండానే షెడ్డుకి చేర్చింది. అమ్మ తర్వాత సంతోషిస్తుందనుకుంది. అమ్మ వద్దంటుందని తెలిసే అడగలేదు. మొగుడు చెప్పినా వినలేదు.

తిరిగి వెళ్ళేసరికి అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక గుంటలో మిగిలిన పుట్టీని గోరుతో తీస్తోంది. ఉన్నట్టుండి చాలా చిన్నదైపోయినట్టు కనిపించింది. రంగులక్క వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మా, దీన్నేం చేద్దాం? కాల్చెయ్యమంటే ఇప్పుడే కాల్చేస్తాను. ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను."

అమ్మ చెయ్యి ఆగింది. "నన్నడుగుతున్నావా?"

"నిన్నే. నువ్వెలా అంటే అలా."

ఎనిమిది నెలలుగా, బహుశా అంతకు ముందు ముప్ఫై ఏళ్ళుగా, గడ్డకట్టి ఉన్నదేదో కరిగి అమ్మ కళ్ళలోకి పొంగింది. కొంగు నోటికి అడ్డంపెట్టుకోబోతుంటే రంగులక్క ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తీసింది. ఏడవనిచ్చింది.

చాలాసేపటికి అమ్మ ముక్కు తుడుచుకుని, "ఉండనీ" అంది. "గుంటలు మాత్రం పూడ్చకు."

"పూడ్చను. రంగేం వేద్దాం?"

"ఎరుపు."

"అడుగున ఎరుపు వేసి, పైన లేతరంగేసి తోముతాను. ప్రతి గుంట అంచునా ఎరుపు కనిపిస్తుంది. చాలా బాగుంటుంది."

"మళ్ళీ పైన ఇంకోటి ఎందుకే? ఇన్నాళ్ళూ నేను చేసింది అదేగా." అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒక్కటే పూత. ఎరుపు."

రంగులక్క తన విద్యంతా పక్కన పెట్టి ఎర్రరంగు డబ్బా మూత తీసింది. రెండు బ్రష్షులు తెచ్చింది.

"నీ మీద నాకింకా కోపం పోలేదమ్మా" అంది, ఒకటి అమ్మకి అందిస్తూ.

"ఎందుకు పోతుంది? ఉంచుకో. కానీ నాలా దాచుకోకు. వచ్చినప్పుడల్లా నాలుగు దులిపెయ్."

అమ్మ మొదటి గుంటలో బ్రష్షు తిప్పింది. రెండో గుంట దగ్గర ఏదో గొణిగింది. మూడో గుంట దగ్గరికొచ్చేసరికి ఆ గొణుగుడు మాటయింది, మాట కేకయింది. "ఏమయ్యా మంచిమనిషీ! ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేదయ్యా? మా అమ్మని కడసారి చూసుకోనివ్వలేదు కదయ్యా!" బ్రష్షు తలుపుని బాదుతున్నట్టే కదులుతోంది. ఎర్రరంగు చిమ్మి ఇద్దరి చీరల మీదా పడింది. రంగులక్క అమ్మని వారించలేదు. షెడ్డు తలుపు వెయ్యలేదు.

ప్రహరీ మీదుగా పక్కింటావిడ తల కనిపించింది. "ఏమైందమ్మా? ఏమిటా గొడవ?"

"ఏం కాలేదండీ" అంది రంగులక్క, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "మా అమ్మ మాట్లాడుతోంది."