కొలత చెప్పని స్వెటర్

మా వాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా నేను అల్లిందో కుట్టిందో ఒకటి కనిపిస్తుంది. మా ఆయన మఫ్లర్, ఆడపడుచు శాలువా, తోడికోడలి పిల్లల టోపీలు, పక్కింటి టీచరమ్మ చేతిసంచి. ఆఖరికి ఆ టీచరమ్మ కుక్కకి కూడా ఒక చొక్కా కుట్టి పెట్టాను. కాదు, కూడదు అనడం నాకు చేతకాదు. అదే నా ఖర్మ. ఒకరి చేతిలో ఏదైనా పెట్టానా, పక్కనున్నవాళ్ళు మూతి ముడుచుకుని "మరి నాకో?" అంటారు. ఆ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి.

పగలంతా రెడీమేడ్ బట్టల యూనిట్లో కాలర్లు కుడతాను. ఒట్టి కాలర్లే. చొక్కా మొత్తం ఎలా తయారైందో నాకు తెలీదు. నా బల్ల మీదికి కాలర్ వస్తుంది, కుట్టు పడుతుంది, పోతుంది. ఇంటికి వచ్చేసరికి మెడ పట్టేసి, వేళ్ళు కొంకర్లు పోయి, కుర్చీలో కూలబడితే మళ్ళీ లేవబుద్ధి కాదు. అయినా వంట కాగానే అల్లిక సూదులు పట్టుకుంటాను. ఎందుకంటే ఏం చెప్పను? నా చేత్తో చేసింది నా వాళ్ళ ఒంటి మీద చూస్తే అదో సంతోషం. అంతకుమించి నాకు వేరే సరదాలు లేవు.

ఈసారి అల్లడం మొదలుపెట్టింది నా చెల్లెలి కూతురి కోసం.

చెల్లి మూడుసార్లు ఆశపడి, మూడుసార్లూ ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది. నాలుగోసారి ఈ పిల్ల నిలిచింది. నిలిచిందే కానీ నెలలు నిండకుండానే వచ్చేసింది. అరచేతిలో పట్టేంత పిల్ల. చాలాకాలం అద్దాల పెట్టెలో ఉంచి, చివరికి ఇంటికి పంపిస్తామన్నారు. "వెచ్చగా ఉంచాలి. చలి తగిలిందంటే మళ్ళీ మా దగ్గరికే వస్తుంది, అప్పుడు నేనేమీ చెప్పలేను" అని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేసింది. బయట చూస్తే ముసురు వదలడం లేదు. అంత చిన్న పిల్లకి సరిపోయే స్వెటర్ ఏ కొట్లోనూ లేదు. చెల్లి ఫోన్ చేసి "అక్కా, నువ్వే దిక్కు" అంది. ఆ గొంతు విన్నాక ఇక నాకు ఓపిక లేదని ఎలా చెప్పను?

మెత్తటి ఊలు కోసం కాళ్ళరిగేలా తిరిగాను. పసిపిల్ల ఒంటికి గుచ్చుకోనిది ఒక్కటీ దొరకలేదు. తిరిగొస్తుంటే పేవ్‌మెంట్ మీద పాత బట్టలు అమ్మేవాడి కుప్పలో ఒక పెద్ద తెల్ల స్వెటర్ కనిపించింది. ముట్టుకుంటే వెన్నలా ఉంది. చేతులు మాత్రం మరీ పొడుగు.

"ఇదేంటయ్యా, జిరాఫీ కోసం అల్లించారా?" అన్నాను.

అతను నవ్వలేదు. "తీసుకెళ్ళమ్మా, తీసుకెళ్ళు" అంటూ నా సంచిలో కుక్కేశాడు.

ఆ స్వెటర్ విప్పి ఉండలు చుట్టాను. విప్పిన ఊలు మొండిది. పాత అల్లిక మెలికలు దానికి అలాగే ఉండిపోతాయి. ఉతికి, కింద బరువు కట్టి ఆరేస్తేగానీ తిన్నగా కాదు. ఈ ముసుర్లో అది ఎప్పుడు ఆరాలి, నేనెప్పుడు అల్లాలి? ఏమైతే అయిందని మెలికల ఊలుతోనే మొదలుపెట్టాను. వీపు భాగం సగం అయ్యేసరికి కళ్ళు మూతలు పడిపోయాయి. బుట్టలో పడేసి, "తల్లీ, ఈ మిగతాది ఎవరైనా అల్లి పెడితే బాగుండు" అని విసుగ్గా పైకే అనేసి పడుకున్నాను.

పొద్దున చూస్తే వీపు భాగం పూర్తయి ఉంది.

నిద్రమత్తులో నేనే అల్లేశానేమో అనుకున్నాను. కానీ అల్లేవాళ్ళకి తమ చెయ్యి తమకి తెలుస్తుంది. నాది కాస్త వదులు. నేను ఆపిన చోటు నుంచి పైకి వరసలన్నీ బిగుతుగా, ఒక్క కుట్టు కూడా ఎగుడుదిగుడు లేకుండా ఉన్నాయి. మా ఆయన అల్లాడేమో అనుకోవడానికి ఆయనకి బొత్తాం కుట్టుకోవడమే రాదు. పైగా నైట్ డ్యూటీ, పొద్దెక్కితేగానీ ఇల్లు చేరడు.

భయం వెయ్యలేదా అంటే వేసింది. కానీ భయపడటానికి కూడా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా. నాకు బస్సు టైమైపోతోంది. పాపాయి మర్నాడే ఇంటికొస్తోంది. ఆ తెల్లటి అల్లిక వైపు ఒక్క నిమిషం చూశాను. దెయ్యమైతేనేం, పని అవుతోంది అనుకున్నాను. నిజం, అలాగే అనుకున్నాను! ఊలు ఉండలన్నీ బుట్టలో సర్ది, కుర్చీ మీద పెట్టి, "సరే, మిగిలింది కూడా నువ్వే కానివ్వు" అని తాళం వేసుకుని వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రానికి ముందు భాగం అయింది; పగలంతా పడుకున్న మా ఆయనకి ఏమీ తెలీదు. మర్నాటి సాయంత్రం యూనిట్ నుంచి వచ్చేసరికి స్వెటర్ మొత్తం సిద్ధంగా ఉంది. చిట్టి చేతులు, చిట్టి మెడ. ఇల్లంతా మాత్రం ఒక వాసన, చాలాకాలం మూసి ఉంచిన గదిలో తడిబట్ట కుళ్ళినట్టు. ముసురు కదా అని కిటికీ తెరిచాను. స్వెటర్‌ని అటూ ఇటూ తిప్పి ఊలు కొస ఎక్కడ ముడి వేసిందోనని వెతికాను. ముడి కనబడలేదు. ఏ అల్లికకైనా ఎక్కడో ఒకచోట కొస ఉండి తీరాలి. రేపు వెతుకుదాంలే అనుకుని, దాన్ని కొంగు కింద దాచుకుని వానలో చెల్లి ఇంటికి పరిగెత్తాను.

పాపాయికి తొడిగితే కొలిచి అల్లినట్టు అతికిపోయింది. చెల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ చేతుల్లో ఏముందక్కా!" అంది. నావి కావే ఆ చేతులు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆసుపత్రిలో ఎన్నాళ్ళ నుంచో నిద్ర లేదేమో, నేను పక్కన కూర్చోగానే మంచం మీద ఒరిగి నిద్రపోయింది. ఆమె భర్త మందుల కోసం వెళ్ళాడు. నేను తొట్టి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వాన చప్పుడు, గోడ మీద గడియారం, తల్లీబిడ్డల ఊపిరి. ఎంత అలసటగా ఉందంటే, ఆ ప్రశాంతతకి నాకూ ఏడుపొచ్చింది.

ఒకసారి వంగి చూశాను. స్వెటర్ చేతులు పాపాయి మణికట్టు దాటి వేళ్ళ మీదికి వచ్చాయి. సాగిందేమోనని ఒక మడత వేశాను.

కరెంటు పోయింది.

ఫోన్ లైటు వేసి చూశాను. మడత అలాగే ఉంది. దాని కింద నుంచి స్వెటర్ చెయ్యి మళ్ళీ వేళ్ళ దాకా వచ్చింది. మళ్ళీ మడిచాను. నేను మడుస్తూ ఉండగానే తొట్టి కింద నుంచి ఒక చప్పుడు...

టిక్... టిక్... టిక్...

గడియారం అనుకున్నాను. కాదు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. రెండు అల్లిక సూదులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. తడిబట్ట వాసన గుప్పుమంది.

నా కళ్ళ ముందే... స్వెటర్ మెడ ఒక వరస పెరిగింది. గడ్డం దాకా వచ్చింది. కింది అంచు కాళ్ళని దాటి దగ్గరికి ముడుచుకుంటోంది, మూతి కట్టిన సంచిలా. చేతుల చివరలు మూసుకుపోయాయి. పాపాయి ఏడవడం లేదు. కళ్ళు తెరుచుకుని తొట్టి పక్కకి చూస్తోంది...

నా సంచిలో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. తీసి మెడ దగ్గర కోశాను. కోస్తే అల్లిక ఊడిపోవాలి. ఊడలేదు. టిక్, టిక్... తెగిన చోట మళ్ళీ కొత్త కుట్లు పడ్డాయి. ఇంకోచోట కోశాను. అక్కడా అంతే. ఊలు పాపాయి కింది పెదవి మీదికి పాకింది. చెల్లిని లేపుదామనుకున్నాను. మూడుసార్లు ఒట్టి చేతులతో వచ్చిన మనిషి... లేచి ఇది చూస్తే?

కోయడం మానేశాను. ఆలోచించు, ఆలోచించు అనుకున్నాను. మా యూనిట్లో కొత్తగా చేరినవాళ్ళకి మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది, కొలత లేకుండా ఎవరికీ పని అప్పగించకూడదని. నేను 'కానివ్వు' అన్నాను. ఎంతవరకో చెప్పలేదు.

తొట్టి మీదికి వంగి గుసగుసగా అన్నాను.

"చాలు... అంతే కొలత. అయిపోయింది. ముడి వేసెయ్."

టిక్...

ఆగింది.

పై పెదవి దాకా వచ్చిన ఊలు వదులైంది. ఒక్క గుంజు గుంజి స్వెటర్ లాగేశాను. పాపాయిని నా గుండెలకి ఆనించి చీర కొంగు చుట్టాను. వెచ్చగా ఉంది. ఊపిరి తీస్తోంది. దేవుడా, ఊపిరి తీస్తోంది! అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

అప్పుడు తొట్టి కింద నుంచి, నా మొహానికి జానెడు దూరంలో...

"మరి నాకో?"

ఆడో మగో తెలియని గొంతు. చలికి వణుకుతున్న గొంతు.

అలవాటు ఎంత పాడుదో చూడండి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాటకి నేను ఇచ్చే జవాబు ఒక్కటే. "నీకూ అల్లుతాను" అన్నాను. "ఈ పిల్ల ఒంటి మీద నీ పని వద్దు. నీకు వేరే అల్లుతాను. కొలత... కొలత ఇవ్వు."

ఫోన్ ఎప్పుడో చేతిలోంచి జారి, లైటు ఆరిపోయింది. చీకట్లో నా కుడిచేతిని ఏదో పట్టుకుని తన భుజం మీద పెట్టుకుంది. తడిగా, చల్లగా, ఎముకలు తగులుతూ. నేను జానలు వేసి కొలవడం మొదలుపెట్టాను. ఎడమచేత్తో పాపాయిని పట్టుకుని, కుడిచేత్తో కొలిచాను. భుజానికీ భుజానికీ మధ్య మామూలు మనిషికి ఉన్నంతే ఉంది. భుజం నుంచి కిందికి చెయ్యి కొలిచాను. ఒక జాన... రెండు... మూడు... మోచెయ్యి రాలేదు. నాలుగు... అయిదు... నేల మీద కూర్చున్నచోటు నుంచి ముందుకు వంగుతూ, తొట్టి కిందికి, మంచం కిందికి... మణికట్టు ఇంకా రాలేదు...

కరెంటు వచ్చింది. తొట్టి కింద ఏమీ లేదు. నా చెయ్యి చాచినట్టే ఉంది.

వెలుతురుకి చెల్లి లేచింది. "ఏంటక్కా, స్వెటర్ తీసేశావేం?"

"గుచ్చుకుంటోందే" అన్నాను. "ఇంకోటి అల్లుతాలే. అందాకా దుప్పటి రెండు మడతలు వెయ్యి."

ఆ ఆదివారం కొత్త ఊలు కొని పాపాయికి నేనే అల్లాను, వదులుగా, నా చేత్తో. తెల్ల ఊలంతా మళ్ళీ విప్పి, చాలకపోతే బూడిద రంగు ఊలు కలిపి, దానికి మాటిచ్చిన స్వెటర్ కూడా అల్లాను, చేతులు ఊలున్నంత పొడుగు. మా ఆయన చేతుల పొడుగు చూసి "ఎవరికి, కరెంటు స్తంభానికా?" అన్నాడు. నవ్వి ఇంకో వరస అందుకున్నాను. పూర్తయ్యాక కుర్చీ వీపుకి తగిలించాను. రాత్రి పడుకునేటప్పుడు ఉంది. నీళ్ళు తాగుదామని లేస్తే లేదు. తెల్లారేసరికి మళ్ళీ కుర్చీ మీదే ఉంది, డ్యూటీ నుంచి వచ్చి విడిచినట్టు, ఇంకా వేడిగా. రోజూ అంతే. పోనీలే, దాని చలి అది తీర్చుకుంటోంది, నా పిల్ల జోలికి పోవడం లేదు కదా అనుకున్నాను. నాకు నిద్ర కూడా బాగానే పట్టింది.

నిన్న చెల్లి ఫోన్ చేసింది. గొంతులో ఎంత హుషారో! "పాపాయి బరువు పెరిగిందక్కా. రాత్రుళ్ళు ఏడుపే లేదు తెలుసా? మొదట్లో ఊరికే కదిలేది, పాలకి లేచేది. ఇప్పుడు తెల్లారేదాకా చప్పుడే లేదు. మేమిద్దరం హాయిగా నిద్రపోతున్నాం."

"మంచిదే కదే" అన్నాను.

ఇవాళ సెలవు. అది మాసిపోయిందేమో ఉతుకుదామని కుర్చీ మీది స్వెటర్ తీశాను. కుడి భుజం మీద చెయ్యి పెడితే తడిగా తగిలింది. వాసన చూశాను. పసిపిల్లని భుజాన వేసుకుని వీపు తట్టినప్పుడు కక్కే పాల వాసన. చుట్టూ ఎండిపోయిన పాత మరకలు ఇంకా చాలా ఉన్నాయి.