ముందుమనిషి నీళ్లు తాగలేదు

2068లో విశాఖ విమానాశ్రయంలో సామాన్ల తనిఖీ కంటే మనుషుల తనిఖీకే ఎక్కువ సమయం పట్టేది. అంగవైకల్యమో దీర్ఘరోగమో ఉన్నవాళ్లు విదేశానికి వెళ్లాలంటే, ముందు వాళ్ల 'ముందుమనిషి' వెళ్లి రావాలి.

ముందుమనిషి అంటే దెయ్యమేమీ కాదు. మణికట్టుకు మూడు నెలలు అంటించిన సెన్సార్ పట్టీ గుండె, మూత్రపిండాలు, నిద్ర, చివరికి మాటతీరుతో సహా అన్నీ నమోదు చేస్తుంది. వాటితో కంప్యూటర్‌లో ఒక డిజిటల్ ప్రతిరూపం తయారై, మనం వెళ్లబోయే దారిలోనే వెయ్యిసార్లు ప్రయాణిస్తుంది. ఒకసారి విమానం ఆలస్యం, ఒకసారి మందుల సంచీ మాయం. క్షేమంగా చేరితే అనుమతి. లేదంటే ఏడాది దాకా మళ్లీ ఆ ఊసెత్తడానికి లేదు.

వకుళ ముందుమనిషి వెయ్యిసార్లూ స్పృహ తప్పి పడిపోయింది.

వకుళకి యాభై రెండేళ్లు. ఇరవై ఏడో ఏట వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. నైరోబీలో ఉండే స్నేహితురాలు వంజీరుతో కలిసి పంతొమ్మిదేళ్లు వీడియో కాల్స్‌లోనే కుస్తీ పట్టి, కొండదారుల్లో నడిచే చక్రాల కుర్చీ తయారుచేసింది. సోమవారం అక్కడ దాని వర్క్‌షాపు తెరుస్తున్నారు. ఇన్నేళ్లలో వంజీరుని ఆవిడ ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు.

యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ పైడిరాజు ఫలితాన్ని ఖరారు చేయకుండా ఆపి, రెండు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాడు. ప్రతిసారీ అదే వరస. ఎయిర్‌హోస్టెస్ నీళ్లు తెస్తుంది, ముందుమనిషి నవ్వుతూ వద్దంటుంది. పదకొండో గంటకి రక్తపోటు పడిపోతుంది. గొంతెండిపోతున్న ప్రతిరూపం నీళ్లు వద్దనడమేమిటో అంతుపట్టక, శుక్రవారం పొద్దున వకుళని పిలిపించి ఆ దృశ్యం చూపించాడు.

"వద్దమ్మా, ఇప్పుడే తాగాను" అంటోంది తెర మీది వకుళ.

అసలు వకుళకి కోపం వచ్చింది. "ఇది నేను కాదండీ. మీ మిషన్‌కేదో తిక్క పుట్టింది. నేనెందుకు అబద్ధం చెబుతాను?"

"ఫారంలో సాయం కావాలంటే అడుగుతారా అన్నదానికి 'తప్పకుండా' అని రాశారు మేడమ్."

"అవును. అవసరమైతే అడగనా?"

పైడిరాజు తలగోక్కుని, గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు. "పొద్దుట్నుంచీ కూర్చున్నారు. కాస్త మంచినీళ్లు తీసుకోండి."

"వద్దు బాబూ, ఇప్పుడే తాగొచ్చాను."

అన్నాక ఆవిడే ఆగిపోయింది. ఇంకా మణికట్టు మీదే ఉన్న పట్టీ లెక్క ప్రకారం ఆవిడ నీళ్లు తాగి ఏడు గంటలయింది.

"తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి," అంది తల దించుకుని. "ఎత్తి కూర్చోబెట్టమని ముక్కూ మొహం తెలీని పిల్లని ఎలా అడగనండీ? పాతికేళ్లుగా ఇంతే. గడప దాటితే గొంతు తడుపుకోను."

పైడిరాజుకి సిగ్గేసింది. అన్నీ కొలిచే ఫారంలో మొహమాటానికి తను చోటే ఇవ్వలేదు. యంత్రం దాన్ని తనంతట తానే పట్టుకుంటే, తప్పు చేసిందని రెండు రోజులు తిట్టుకున్నాడు.

"మీ ఇంట్లో చుట్టాలు విస్తరి ముందు చాలంటే ఊరుకుంటారా?" అడిగాడు.

"అదెలా? మూడుసార్లు కొసరితే గానీ ఆ 'చాలు' నిజమో కాదో తెలీదు కదా."

అప్పటికప్పుడు విమాన సిబ్బందికి ఇచ్చే సూచనలు మార్చాడు. నీళ్లు కావాలా అని అడగకూడదు, తెచ్చి ఎదురుగా పెట్టాలి. వద్దంటే మళ్లీ తేవాలి, మూడోసారి పక్కనే నిలబడాలి. బాత్రూమ్ మాట కూడా వాళ్లే ముందు ఎత్తాలి.

సాయంత్రానికి ముందుమనిషి వెయ్యికి వెయ్యిసార్లూ క్షేమంగా నైరోబీలో దిగింది. వకుళ అనుమతిపత్రాన్ని గుండెలకి హత్తుకుంది. పైడిరాజుకీ ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆదివారం ఆవిడ వెళ్లింది. సోమవారం అసలు ప్రయాణం రికార్డు విశాఖ చేరింది. తొమ్మిదో గంట దగ్గర పైడిరాజు చూపు ఆగింది. ఎవరికో ఆయాసమొస్తే సిబ్బందంతా అటు వెళ్లారు. వకుళ దగ్గరికి ఎవరూ రాలేదు. ఇలాంటప్పుడు ముందుమనిషి కిటికీలోంచి చూస్తూ నోరుమూసుకుని కూర్చునేది.

అసలు వకుళ మాత్రం బెల్ నొక్కింది. "అమ్మా, నన్ను బాత్రూమ్‌కి తీసుకెళ్లాలి. వచ్చాక మంచినీళ్లు కూడా కావాలి" అంది.

"ప్రయాణికురాలి ప్రవర్తన ప్రతిరూపంతో కలవడం లేదు," అంది యంత్రం. "మనిషి రికార్డులో పొరపాటు ఉండవచ్చు. సవరించమంటారా?"

"మనిషి బాగానే ఉందిలే," అన్నాడు పైడిరాజు హాయిగా కుర్చీలో వెనక్కి వాలి. "నిన్నే సవరించాలి."