నిన్నటి సూప్

కెనడాలోని రెజైనాలో ఒక శాస్త్రవేత్తను కాల్చి చంపినవాడు వెళ్తూ వెళ్తూ తన ఫోన్‌ని చెత్తడబ్బాలో పడేశాడు. కొత్త ఫోన్. అందులో తెరిచింది ఒకే ఒక్క పేజీ, విన్నిపెగ్‌లో, మంచు మీద బరువైన రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బు వెబ్‌సైట్.

ఆ పేజీ వెనకున్న కోడ్‌ని అచ్చుతీసి, గూఢచారి సంస్థ చీఫ్ తన ఏజెంట్ గార్త్ ఫ్రీసెన్ ముందుకి తోసింది. చూసేవాళ్లకి కనబడని ఒక వరుస అందులో దాక్కుని ఉంది. ఈసారి పేరు మెల్నిక్, శత్రుదేశం వదిలి పారిపోయి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. ఈ సాయంత్రం, ఆట అయ్యాక, తూర్పు తలుపు.

"ఆ హంతకుడు ప్రతి పనికీ కొత్త ఫోన్ కొంటాడు. ఆట మొదలయ్యాక ఈ పేజీని ఒక్కసారే చూస్తాడు. తూర్పుని పడమర చెయ్యి. పడమర తలుపు దగ్గర మనవాళ్లుంటారు."

మెల్నిక్‌ని ఇంట్లోనే ఆపేస్తే పోదా అన్నాడు ఫ్రీసెన్. ఆపితే హంతకుడు మాయమై మరోసారి వస్తాడంది చీఫ్. పైగా మెల్నిక్ ఆగే రకం కాదు. గెలిచిన జట్టు ఓడిన జట్టుకి మందు పోయించడం అక్కడి ఆచారం. మెల్నిక్ ఓడిపోవడానికే ఆడతాడని క్లబ్బులో చెప్పుకుంటారు.

మంచు చదునుచేసే పనివాడి వేషంలో ఫ్రీసెన్ క్లబ్బులో దిగాడు. తోడుగా ఏజెంట్ సెలీన్ డ్యూఫ్రేన్. గడ్డకట్టే చలిలోనూ హైహీల్స్ వదలని అందగత్తె. మధ్యాహ్నం ఫ్రీసెన్ ఒక్కడే, రోజుకో సూప్ పెట్టే క్యాంటీన్‌లో బఠాణీ సూప్ తాగి, సైట్‌ని మార్చగల కంప్యూటర్ ఉన్న గదిలో దూరాడు. మంచుని గడ్డకట్టించే కంప్రెసర్ యంత్రం నడిచేదీ అక్కడే. ఆ గదికి కిటికీ కూడా లేదు.

తూర్పుని పడమర చేసి సేవ్ కొట్టాడు. పేజీ తెరిచి కోడ్ చూశాడు. తూర్పు. మళ్లీ మార్చాడు. మళ్లీ తూర్పే. ఎవరో వెంటవెంటనే వెనక్కి తిప్పేస్తున్నారనుకున్నాడు. అంత చలిలోనూ అతనికి చెమట పట్టింది.

వెనక తలుపు గడియ పడింది. డ్యూఫ్రేన్ చేతిలో సైలెన్సర్ పిస్తోలు ఉంది.

"ఎంత మార్చినా లాభం లేదు గార్త్. ఆ వరుస పెట్టింది నేనే."

అతని చేతిని పైపుకి బేడీతో కట్టేసి, ఆమె తెర వైపు వంగింది. ఫ్రీసెన్ కూడా చూశాడు. దాచిన వరుసకి సరిగ్గా పైన ఇంకో వరుస ఉంది. నేటి సూప్, బార్లీ.

ఈరోజు తను తాగింది బఠాణీ. బార్లీ నిన్నటిది. అంటే పేజీ మొత్తం నిన్నటిదే. ఈ కంప్యూటర్ ఎప్పుడో దాచుకున్న పాత ప్రతినే చూపిస్తోంది. తన మార్పు ఎప్పుడో అసలు సైట్‌లో చేరిపోయింది. ఏ వెబ్ పనివాడైనా ముందు ఆ పాత ప్రతిని, క్యాష్‌ని, తుడిచి చూస్తాడు. భయంలో తనకది తట్టలేదు. ఆమెకి తట్టకూడదు.

"నా ఫోన్‌లోనూ చూస్తానుండు," అంది ఆమె. ఫ్రీసెన్ ఆమె ఫోన్ వైపే చూశాడు. నిన్న వరుస పెట్టి ఆమె సరిచూసుకున్న ఫోన్ అదే అయితే, అందులోనూ నిన్నటి ప్రతే ఉంటుంది.

"తూర్పే. పాపం మెల్నిక్," అని నవ్వి బయట తాళం వేసి వెళ్లిపోయింది.

గోడ అవతల మంచు మీద రాళ్లు జారుతున్నాయి. కేకలు వేసినా కంప్రెసర్ మోతలో వినబడవు. ఫ్రీసెన్‌కి ఒకటే భయం. దారిలో ఇంకే సర్వర్ దగ్గరైనా పాత ప్రతి ఇరుక్కుని ఉంటే, కొత్త ఫోన్‌కీ తూర్పే కనబడుతుంది. బేడీ లాగి లాగి మణికట్టు చీరుకుపోయింది. రాళ్ల చప్పుడు ఆగింది, ఆట అయిపోయింది. మెల్నిక్ చచ్చిపోతాడని అతనికి ఏడుపొచ్చింది.

చాలాసేపటికి తాళం తెరుచుకుంది. గుమ్మంలో చీఫ్, ఆమె వెనక చేతులకి బేడీలతో డ్యూఫ్రేన్. హంతకుడు పడమర తలుపు దగ్గర దొరికిపోయి, ఈమె పేరు చెప్పేశాడట. మెల్నిక్ ఓడిపోయి, బార్‌లో హాయిగా తాగుతున్నాడట.

"రెండుసార్లు చూశాను. తూర్పనే ఉంది," అంది డ్యూఫ్రేన్.

చీఫ్ బేడీ విప్పాక ఫ్రీసెన్ మణికట్టు రుద్దుకున్నాడు.

"ఈసారి మధ్యాహ్నం భోజనం ఇక్కడే చెయ్యి సెలీన్. సూప్ బావుంటుంది."